ఆకు లేని చెట్ల పేర్లు

కమిటీ శుక్రవారం వస్తుందన్న సంగతి మాకు శనివారం సాయంత్రం తెలిసింది. మధ్యలో ఉన్నవి ఐదు రోజులు.

ఫోన్ చేసినతను మునిసిపాలిటీ ఆఫీసులో చిన్న ఉద్యోగి, నా భార్య దగ్గర చదువుకున్నవాడు. "సారూ, ముగ్గురు వస్తున్నారు. పొద్దున పదికి. ఇరవై నిమిషాలు చూస్తారంట, ఆ తర్వాత వాళ్ళు యర్రగొండపాలెం పోవాల. ఆ ఇరవై నిమిషాల్లో అది తోట అనిపించాల. లేదంటే పొక్లెయిన్ దిగుతాది" అన్నాడు.

ఫైల్లో ఆ స్థలం గురించి రాసి ఉన్న మాట 'ముళ్ళకంప పెరిగిన ఖాళీ స్థలం'. పెద్దారవీడు పోయే రోడ్డు పక్కన నాలుగెకరాలు. అక్కడ లారీలు నిలిపే చోటు కట్టాలని ఆలోచన. ఆ ఆలోచన చేసినవాళ్ళను నేను తప్పు పట్టలేదు. మార్కాపురంలో పలకల లారీలు రోడ్డు మీదే ఆగుతున్నాయి, జనం ఇబ్బంది పడుతున్నారు. అయితే అది ఖాళీ స్థలం కాదు. ఊళ్ళో అందరూ దాన్ని టీచరమ్మ తోట అంటారు.

ఆ టీచరమ్మ నా భార్య. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. ఒకప్పుడు గనుల్లోంచి తెచ్చిన రాతి చెత్త పోసే చోటది. అప్పటి ఆఫీసరు ఒకాయన నోటిమాటగా సరేనంటే, పిల్లల్ని తీసుకుపోయి గుంతలు తవ్వించింది. గిద్దలూరు అవతల నించి, యర్రగొండపాలెం పక్క నించి, నల్లమల అంచుల్లో ఎక్కడ కొత్త చెట్టు కనబడినా విత్తనమో మొక్కో తడి గోనెపట్టలో చుట్టి బస్సులో తెచ్చేది. ఇట్లా పాతికేళ్ళు. ఊరు ఆ తోటకు అలవాటుపడింది. పొద్దున నడిచేవాళ్ళు నడుస్తారు. పెళ్ళి కుదిరినవాళ్ళు రేలచెట్టు పూసినప్పుడు వచ్చి ఫోటోలు దిగుతారు. పక్కనున్న పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళు మధ్యాహ్నం అక్కడే నీడలో క్యారియర్లు విప్పుకుంటారు. కాగితం ఒక్కటే లేదు.

కిందటి కార్తీకమాసంలో ఆమె చనిపోయింది. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. నాకు చెట్లు తెలియవు, వాటి పేర్లు తెలుసు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆమె నా చేత పేరు పలకలు రాయించేది. ఫ్యాక్టరీలో అంచు విరిగి పక్కన పడేసిన పలకలు తెచ్చేది. వంటింట్లో కూర్చుని ఆమె పేరు చెబితే నేను ఇనుప మొనతో పలక మీద గీకి, ఆ గీతల్లో తెల్ల రంగు నింపేవాణ్ణి. పైన తెలుగు పేరు, కింద శాస్త్రం పేరు. ఆరినాక ఆమె తీసుకుపోయి చెట్టు మొదట్లో పాతేది. అట్లా నూట పద్నాలుగు పలకలు రాశాను. ఏ పలక ఏ చెట్టు కింద ఉందో ఎన్నడూ చూడలేదు. తోటకు పోతే నేను బెంచీ మీద కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ణి.

ఫోన్ వచ్చినాక నేను ఇద్దరికే చెప్పాను. ఒకరు తర్లుపాడు రైతు. వేసవిలో తన ట్రాక్టరు ట్యాంకరుతో తోటకు నీళ్ళు తోలేవాడు. వాళ్ళ కూతురు నా భార్య విద్యార్థిని. రెండో మనిషి పలకల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ మేస్త్రి. నన్ను పెదనాయనా అంటుంది. ఆదివారం పొద్దున ఆరు గంటలకు నేను తోట దగ్గరికి పోయేసరికి జనం నాకన్నా ముందే వచ్చి ఉన్నారు. ఆటోవాళ్ళు ఆటోలన్నీ వరసగా నిలిపి, ప్లాస్టిక్ కవర్లు ఏరి గోతాలకెత్తుతున్నారు. నడక బృందం వాళ్ళు పారలు పట్టుకున్నారు. రైతు కొడవలితో సర్కారు తుమ్మను నరుకుతూ, పక్కవాళ్ళను తిడుతూ, మధ్యలో నన్ను చూసి "అన్నా, నువ్వు అట్ల కూర్చో. నీకు పార ఇస్తే మాకు ఇంకొక పని పెట్టుకున్నట్లు" అన్నాడు. ఒక హోటలాయన రెండు పెద్ద గిన్నెల నిండా ఉప్మా పంపాడు. ఎవరో గేటుకు మామిడాకుల తోరణం కూడా కట్టేశారు. ఇంకా ఐదు రోజులుందయ్యా, ఎండిపోతుంది అంటే, గురువారం మళ్ళీ కొత్తది కడతాం అన్నారు.

అంతమంది వస్తారని నేను అనుకోలేదు. ఇంట్లో మూడు నెలలుగా ఎవరితోనూ పది మాటలు మాట్లాడనివాణ్ణి, ఆ రోజు పన్నెండు గంటలకల్లా గొంతు బొంగురుపోయింది.

మధ్యాహ్నం, తోటను ఉంచమని అడిగే సంతకాల కాగితాలు టైపు చేయించడానికి బజారుకు పోయి మూడింటికి తిరిగి వచ్చాను. తోటంతా అద్దంలా ఉంది. బాటల పక్క రాళ్ళకు సున్నం కొట్టారు. సిమెంటు బెంచీ దగ్గర ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఇరవైమంది నిలబడి నాకోసం చూస్తున్నారు.

"రా పెదనాయనా, రా! చూడు ఎట్ల మెరుస్తున్నాయో!" అంది మేస్త్రి.

బెంచీ మీద పలకలు నిలువుగా పేర్చి ఉన్నాయి. పన్నెండేసి ఒక కట్ట. కట్టకూ కట్టకూ మధ్య గుర్తుకు అడ్డంగా ఒక రాతి ముక్క. మన్ను పోయేదాకా కడిగి, కొబ్బరినూనె రాసి తుడిచారు. నేను గీకిన అక్షరాలు రాసిన రోజు కన్నా తెల్లగా ఉన్నాయి.

"పెద్దవి ముప్పై ఎనిమిది, నడిమివి యాభై, చిన్నవి ఇరవై ఆరు. సైజులు వేరు చేసి పెట్టినాం. ఒక్కటి గూడ పగల్లేదు."

ఊళ్ళో ఇంకెవరూ ఈ పని ఇంత బాగా చేసి ఉండరు. మురికి పలక చేతికొస్తే కడగడం, తుడవడం, సైజు చూడడం, పన్నెండు కాగానే కట్టడం వాళ్ళకు పదిహేనేళ్ళుగా అలవాటైన పని. ఆలోచన అక్కర్లేకుండా చేతులే చేసేస్తాయి.

"బాగుంది తల్లీ. ఏది ఎక్కడ తీసిందీ రాసి పెట్టుకున్నారా?" అన్నాను.

"ఎక్కడ తీసిందంటే? దాని మీదే రాసి ఉంది గదా, పేరు. పేరు చూసి పెట్టేదే గదా."

"ఎవరు?"

"ఎవరేంది పెదనాయనా! నువ్వే రాసినావు గదా!"

అందరూ నా వైపు చూశారు. రాసినవాడికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? నేను చెట్ల వైపు చూశాను. శివరాత్రి వెళ్ళి వారం అయింది. నల్లమల చెట్లు ఆ రోజుల్లో ఆకు దులిపేస్తాయి. తోటలో సగానికి పైగా కొమ్మలే. ఒక బూడిదరంగు మాను పక్కన ఇంకో బూడిదరంగు మాను.

"రాసింది నేనే. ఏ చెట్టు ఏదో నాకు తెలియదు" అన్నాను.

మేస్త్రి బెంచీ పక్కన కింద కూలబడింది. "అయ్యో, అయ్యో" అని నెత్తి కొట్టుకుంది. మిగతావాళ్ళు ఒకరినొకరు తప్పుపట్టుకోవడం మొదలుపెట్టారు. "నేను అప్పుడే అన్నా, తీయొద్దని." "ఎప్పుడన్నావే? నూనె తెచ్చిందే నువ్వు!"

నా భార్య నోట్సులు ఇంట్లో ఉన్నాయి. ఏ మొక్క ఏ కొండ మీద దొరికింది, ఏ తేదీన, ఏ నేలలో అన్నది వివరంగా రాసింది. తోటలో ఏ మూల నాటిందో మాత్రం ఒక్క చోట కూడా రాయలేదు. ఆమెకు ఆ అవసరం రాలేదు.

సోమవారం ఒక్కరోజులో ముప్పైఒక్క పలకలు మళ్ళీ చెట్ల కిందికి చేరాయి. ఆమె పాత విద్యార్థులందరికీ వాట్సాప్‌లో కబురు పెట్టాం. తోటలో దిగిన ఫోటోలు ఉంటే పంపండి, వెనక పలక కనబడితే చాలు అని. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పెళ్ళికూతురి పక్కన మద్ది, ముగ్గురు అమ్మాయిల కాళ్ళ దగ్గర తునికి, ఐస్‌క్రీమ్ తింటున్న ఒకతని మోచేతి వెనక సగం అక్షరాలతో నారేప. ఫోటో పట్టుకుని ఆటోవాళ్ళు చెట్ల మధ్య పరిగెత్తడం, వెనక గోడ, కొమ్మ చీలిక పోల్చుకోవడం, దొరికినప్పుడు పెద్దగా కేకేయడం. గిద్దలూరు కాలేజీలో పాఠం చెప్పే కుర్ర లెక్చరరు బస్సు దిగి సరాసరి వచ్చాడు. ఆమె శిష్యుడే. కాయలు వేలాడుతున్న రేల, పూత మీదున్న మోదుగ, ముళ్ళను బట్టి సండ్ర, అందరికీ తెలిసిన వేప, మారేడు, వెలగ, ఇట్లా మరో ఇరవైతొమ్మిది కలిశాయి. అక్కడ ఆగిపోయాం.

"ఆకు ఉంటే చెబుతా సార్. పూవుంటే ఇంకా బాగా చెబుతా. ఉత్త మాను చూపిస్తే మాత్రం నేనూ మీ అంతే" అన్నాడు లెక్చరరు.

యాభైనాలుగు పలకలు మిగిలాయి.

"మేకల అత్తను పిలుద్దాం" అన్నాడు రైతు.

ఆమె ఎవరో నాకు బాగా తెలుసు. పెద్దారవీడు దారిలో, తోటకు నాలుగు కిలోమీటర్ల అవతల పల్లెలో ఉంటుంది. ఆమెకూ నా భార్యకూ ఇరవై ఏళ్ళు కంచె దగ్గర యుద్ధం. ఒకసారి మేకలు తోటలో పడితే నా భార్య పదకొండింటిని బందెలదొడ్డికి తోలించింది. ఆమె వచ్చి మా వాకిట్లో నిలబడి గంటసేపు తిట్టింది. నా భార్య లోపలి నించే ప్రతి మాటకూ జవాబు చెప్పింది. నేను గదిలో కూర్చుని ఒకే పేజీ మూడుసార్లు చదివాను. అంతా అయినాక నా భార్య మంచినీళ్ళు తాగి అన్న మాట: "ఆమెకు తెలిసినన్ని చెట్లు మా కాలేజీలో ఎవరికీ తెలియవు. అందుకే లోపలికి రానివ్వను. ఏది లేతదో చూడంగానే పట్టేస్తుంది."

మంగళవారం పొద్దున రైతు బండి మీద పోయాం. ఆమె దొడ్డి ముందు కంపతడిక బిగిస్తోంది. అరవై దాటి ఉంటాయి. మమ్మల్ని చూసినా తడిక వదల్లేదు.

"ఎవురూ? పలకల సారా? ఏంది అన్నా, దారి తప్పినావా?"

"నీతో పనిబడింది అత్తా" అన్నాడు రైతు.

"పనిబడకుండా మీ రైతులు ఎప్పుడొచ్చినారులే అల్లుడా. ఎరువుకు చేలో మంద కట్టియ్యమని వచ్చేటప్పుడు అత్తా అంటారు. గట్టు మీద మేక కనబడితే మళ్ళ అత్త గుర్తుండదు."

జరిగింది చెప్పాను. పలకలు కడిగి, నూనె రాసి, సైజు ప్రకారం పేర్చారని చెప్పేసరికి ఆమె తడిక వదిలేసి నడుం పట్టుకుని నవ్వింది. "పన్నెండేసి కట్టినారా! ఇంకా నయం, లారీకెత్తలా!" తర్వాత నవ్వు ఆపి, నా ముఖం చూసింది.

"వదినె నన్ను లోపలికి రావద్దనింది. ఆ మాట వెనక్కి తీసుకోకుండానే పోయింది. నేనెట్ల వచ్చేది?"

"నేను పిలుస్తున్నాను గదమ్మా."

"తోట నీదా?"

"కాదు."

"మరి?"

ఉన్నది చెప్పాను. "శుక్రవారం మనం చూపించలేకపోతే అది ఆమెదీ కాదు, ఊరిదీ కాదు. లారీలది."

ఆమె మేకల వైపు చూసింది. "మూడు మేకల్ని తెస్తా" అంది.

"మేకలెందుకు అత్తా?" అన్నాడు రైతు.

"నా నోటికి తెలియంది వాటి నోటికి తెలుస్తాది."

గంటలో వచ్చింది. గేటు తెరిచే ఉంది. అయినా బయటే ఆగింది, తాళ్ళు చేతికి చుట్టుకుని. నేను పోయి రెండో రెక్క కూడా తీసి, "రామ్మా" అన్నాను. అప్పుడు లోపలికి అడుగు పెట్టింది. "వదినె చూస్తుంటే నా కాళ్ళు ఇరగ్గొట్టేది" అంది, గట్టిగానే, ఎవరికో వినబడాలన్నట్లు.

ఆ మూడు రోజులు నేను మర్చిపోలేను. పద్ధతి ఆమెదే. గోటితో బెరడు గిల్లుతుంది. వాసన చూస్తుంది. చిన్న ముక్క నమిలి ఉమ్మేస్తుంది. మెటికలతో మాను మీద కొట్టి చెవి పెడుతుంది. వెనక మేస్త్రి పలకలు మోసుకుంటూ, ఆ వెనక లెక్చరరు పుస్తకంతో, నేను కాగితంతో.

"అందుగు" అంది ఒక మాను దగ్గర. "చూడు, బెరడు కాగితం మాదిరి లేస్తాది. సాంబ్రాణి వాసన."

మేస్త్రి గబగబా వెతికి ఒక పలక తీసింది. "ఇదేనా అవ్వా? దీని మీద ఏందో జిగురు, ఎంత రుద్దినా పోలా!" పలక ముక్కుకు ఆనించుకుంది. దాన్నీ మానునూ మార్చి మార్చి వాసన చూసి, "అదే! అదే వాసన!" అని అరిచింది. ఆదివారం నించి ఆమె ముఖంలో నెత్తురు లేదు, ఆ క్షణం తిరిగొచ్చింది. ఆ తర్వాత ఫ్యాక్టరీ ఆడవాళ్ళందరూ మిగిలిన పలకల మీద కడిగినా పోని మరకలు వెతకడం మొదలుపెట్టారు. సున్నపునీళ్ళ మరక ఉన్నవి బావి పక్కవి. ఎర్రమన్ను పట్టినవి పడమటి మూలవి. ఆదివారం చేసిన పనిని వెనక్కి నడిపించినట్లు చేశారు.

రెండు మానులు ఒకే రకంగా పాలు కార్చాయి. ఒకటి ఆకుపాల, ఇంకొకటి కొడిసెపాల కావాలి. ఏది ఏదో మేకలామెకూ తేలలేదు. రెండింటి పుల్లలు విరిచి నల్లమేక ముందు పెట్టింది. మేక ఒకదాన్ని కరకర నమిలేసింది. రెండోదాన్ని నోట్లోకి తీసుకుని, తల విదిలించి, వదిలేసింది.

"తిన్నది ఆకుపాల. కొడిసెపాల చేదు, నోట బెట్టదు."

లెక్చరరు పుస్తకం తిప్పాడు. "సార్! బెరడు చాలా చేదు అని రాసి ఉంది సార్!" అని ఎగిరి గంతేశాడు.

"ఈ మేకకు డిగ్రీ ఇయ్యాల" అన్నాడు రైతు.

"ఇయ్యి. అదీ తినేస్తాది" అంది ఆమె.

కొన్ని చెట్లకు గిల్లడమూ అక్కర్లేదు. ఆమెకు వాటి పుట్టుక తెలుసు. ఇరవై ఏళ్ళు కంచె బయట మేకలు కాస్తూ, లోపల జరిగేదంతా చూసింది. "ఇది ఊడుగ. మూడేళ్ళప్పుడు నా మేక కొరికింది, ఇదిగో గంటు. ఆ రోజే బందెలదొడ్డి." "ఇది బిల్లుడు. మొదటిది చచ్చింది, రెండోది చచ్చింది, ఇది మూడోది. వదినె మొండిది." ఇంకొక మాను దగ్గర ఆగి, "దీన్ని వానలో తెచ్చింది. చెప్పులు ఒక చేత్తో పట్టుకుని, మొక్క కొంగు కింద పెట్టుకుని. ఒక్కతే గుంత తవ్వింది. నేను ఆ తుమ్మ కింద గొడుగేసుకుని చూస్తున్నా. సాయం చేద్దామనుకున్నా గానీ, రావద్దనింది గదా" అంది.

ఆ వాన రోజు నాకు గుర్తుంది. నా భార్య తడిసి ఇంటికొస్తే, ఇంత వానలో ఏం పని అని విసుక్కున్నాను. ఆమె ఏమీ చెప్పలేదు, నేనూ మళ్ళీ అడగలేదు. నేను చూడనిదాన్ని ఒకరు చూశారని ఇన్నేళ్ళకు తెలిసింది. కాగితం మీద చెట్టు పేరు రాసి, పక్కన 'వాన' అని రాసుకున్నాను.

గురువారం సాయంత్రం ఐదింటికి చివరికొచ్చాం. నూట పదకొండు పలకలు నేలలో ఉన్నాయి. చేతిలో మూడు మిగిలాయి: తపసి, సోమి, పొణికి. ఆ మూడు చెట్లూ కరువు ఏళ్ళలో చచ్చిపోయాయని మేకలామె గుంతలతో సహా చూపించింది. ఇంకోపక్క, ఉత్తరం గోడ దగ్గర ఒక మాను మిగిలింది. నిటారుగా, ఆరోగ్యంగా ఉంది. దానికి పలక లేదు. ఆమె గిల్లింది, నమిలింది, కొట్టి విన్నది. మూడు మేకలూ వాసన చూసి పక్కకు తిరిగాయి. ఎవరికీ తెలియలేదు.

"ఇంకేంది అన్నా, తపసి పలక పెట్టేయ్ దానికి" అన్నాడు రైతు. "మంచి చెట్టు, గేటు నించి కనబడతాది. బోసిగా ఉంటే వాళ్ళ చూపు దాని మీదే పడతాది. ఆకు లేంది, ఎవురికి తెలుస్తాది?"

లెక్చరరు నేల చూస్తున్నాడు. మేస్త్రి పారతో మన్ను తీసేసి గుంత కూడా చేసింది. మేకలామె మాత్రం నన్నే చూస్తోంది.

పెట్టాలని నాకు గట్టిగా అనిపించింది. తపసి అని రాసింది నేను. ఆ పలక తోటలో లేకుండా ఇంటికి తీసుకుపోవడం ఇష్టం లేదు. ఇరవై నిమిషాల చూపులో అది ఎవరికీ తెలిసేది కాదు. పలకను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

"వద్దు. తెలియదనే చెబుదాం" అన్నాను.

"ఆఫీసర్ల ముందరా?"

"వాళ్ళ ముందరే."

"నీకు చదువు ఎక్కువై చెడిపోయినావు అన్నా" అని రైతు ట్యాంకరెక్కి పోయాడు. శుక్రవారం పొద్దున అందరికన్నా ముందు వచ్చింది మళ్ళీ అతనే.

కమిటీ పదింటికి వచ్చింది. అటవీశాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఒక ఇంజనీరమ్మ, ఫైలు పట్టుకున్న గుమాస్తా. గేటు బయట రోడ్డు పొడుగునా జనం. ఎవరూ అరవలేదు. అరవొద్దని మేస్త్రి అందరికీ ముందే చెప్పి పెట్టింది.

ఇంజనీరమ్మ చుట్టూ చూసింది. "చాలావరకు ఎండిపోయినాయి కదండీ" అంది.

మేకలామె ముందుకు వచ్చి పక్కనున్న మానును గోటితో గీరింది. లోపల పచ్చగా తడి. "చచ్చిందానికి పచ్చి ఉంటాదా తల్లీ?" ఇంజనీరమ్మ వంగి చూసింది. తన గోటితో ఇంకో మానును గీరింది. పచ్చ. తర్వాతిది. పచ్చ. ఫోన్ బ్యాగులో పడేసి ఆమె వరసగా గీరుకుంటూ పోతుంటే గుమాస్తా వెనక పలకల పేర్లు రాసుకోలేక పరిగెత్తాడు.

పెద్దాయన నెమ్మదిగా నడిచాడు. ఒక్కో పలక చదివి, మాను చూసి, తల ఊపాడు. కొన్నిచోట్ల ఊపలేదు, బెరడు తీసి వాసన చూసి, అప్పుడు ఊపాడు. పదిన్నర దాటింది. పదకొండు దాటింది. గుమాస్తా యర్రగొండపాలెం సంగతి గుర్తుచేస్తే చెయ్యి విసిరాడు. చివరికి ఉత్తరం గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"దీనికి పలక లేదేం?"

రైతు ఆకాశంలోకి చూశాడు.

"ఏ చెట్టో తెలియలేదు సార్. మూడు రోజులు చూశాం. మేకలకు కూడా తెలియలేదు" అన్నాను.

"మేకలకా?"

మొత్తం చెప్పాను. పలకలు కడిగిన సంగతి కూడా. ఆయన అద్దాలు తీసి జేబులో పెట్టుకుని, ఆ మాను బెరడు తీసి నోట్లో వేసుకున్నాడు. "సోమి పిల్లలాగా ఉంది" అన్నాడు.

"కాదు సారూ. సోమి అయితే బెరడు ఇంకా ఎర్రగా ఉంటాది" అంది మేకలామె.

"లేత మాను గదమ్మా."

"లేతదైనా సోమి సోమే."

ఇద్దరూ చెట్టు చుట్టూ తిరుగుతూ వాదించుకున్నారు. ఒకరు గిల్లితే ఒకరు నమిలారు. లెక్చరరు పుస్తకం ఇద్దరికీ చూపించబోతే ఇద్దరూ కలిసి పక్కకు తోశారు. చివరికి ఆకు వచ్చేదాకా ఆగుదామని ఒప్పుకున్నారు.

"ఇది టీచరుగారు నాటింది అయ్యుండదు" అన్నాడు పెద్దాయన నాతో. "ఏ పిట్టో తెచ్చి పడేసి ఉంటది. దీనికి కూడా ఏదో ఒక పలక కనబడి ఉంటే, మిగతావి నేను నమ్మేవాణ్ణి కాదు." ఆ తర్వాత గుమాస్తా వైపు తిరిగి, "రాయి. నూట పదకొండు రకాల చెట్లు, పేర్లతో సహా, స్వయంగా పరీక్షించి చూశాను. ఇది తోట. ఖాళీ స్థలం అన్న మాట కొట్టెయ్యి" అన్నాడు.

మేస్త్రి తన మాట తనే మర్చిపోయి కేకేసింది. దాంతో రోడ్డు పొడుగునా కేకలు. ఆటోలన్నీ ఒకేసారి హారన్లు కొట్టాయి. ఇంజనీరమ్మ గోళ్ళ నిండా పచ్చ మరక, నవ్వుతోంది. ఆ సందట్లో చూసుకోలేదు గానీ, గేటుకు కొత్తగా కట్టిన తోరణాన్ని మూడు మేకలూ ముందరి కాళ్ళెత్తి ఎక్కడా ఆకు మిగలకుండా తినేశాయి. రైతు వచ్చి నా భుజం మీద కొట్టాడు. చాలా గట్టిగా కొట్టాడు, రెండు రోజులు నొప్పి పుట్టింది.

మృగశిర కార్తె ముందర ఉత్తర్వు వచ్చింది. లారీలకు వేరే చోటు ఇచ్చారు. చచ్చిపోయిన మూడు చెట్ల మొక్కలు తెచ్చుకోవడానికి పెద్దాయన అటవీశాఖ నించి అనుమతి కాగితం ఇప్పించాడు. తపసి ఎక్కడ ఉందో మేకలామెకు తెలుసు.

తొలి వానలు పడి మూడు వారాలకు, తెల్లారి మొదటి బస్సుకు పెద్దారవీడు పోయి, అక్కడి నించి ఆటోలో కొండ మొదటికి పోయాం. ఆమె, లెక్చరరు, నేను. పాతికేళ్ళలో నా భార్య నన్ను ఎన్నోసార్లు రమ్మంది. ఒక్కసారి కూడా పోలేదు. ఎక్కడం మొదలుపెట్టిన పది నిమిషాలకే ఆయాసం వచ్చింది.

"పుస్తకాలు చదివిన కాళ్ళు అన్నా అవి. మెల్లగా రా" అంది ఆమె పైనించి.

రాళ్ళ మధ్య తపసి తెల్లగా కనబడింది. ఒంటి మీద బట్టలేని మనిషిలాగా ఉంటుందని నోట్సులో నా భార్య రాసింది, అట్లాగే ఉంది. నేను ఆయాసం మర్చిపోయి చివరి గుట్ట పాకుతూ ఎక్కాను. మాను మొదట్లో, బండల చీలికల్లో, వానకు మొలిచిన పిల్లలు. వేలెడంత పొడుగు. వంగి లెక్కపెట్టబోయి, వద్దనుకున్నాను. చాలా ఉన్నాయి.

"ఏది తీసుకోవాలి?" అన్నాను.

"రెండు తీసుకో. ఒకటి చస్తే ఒకటుంటాది."

నేను మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళతో తడి మన్ను తవ్వి, బిల్లుడు మూడోసారికి గదా బతికిందని మూడు తీసుకున్నాను.